రెండు రాత్రుల వాడ

శుక్రవారం మధ్యాహ్నం దాకా అది వట్టి పచ్చిక బయలు. ఓ మూల నీళ్ల కొళాయి, గేటు దగ్గర చిన్న బోర్డు, అంతే. చీకటి పడేసరికి అక్కడ పాతికా ముప్పై ఇళ్లు వెలుస్తాయి, ఆదివారం సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. బ్రిటన్‌లో కారవాన్ క్లబ్బుల వాళ్లు దీన్ని ర్యాలీ అంటారు. ర్యాలీ అనగానే మనకు జెండాలూ నినాదాలూ గుర్తొస్తాయి. అక్కడా జెండా ఉంటుంది గానీ నినాదాలు ఉండవు.

కారవాన్ మాటకూ ఇదే తంటా. తెలుగు పాఠకుడికి అది షూటింగులో హీరో విశ్రాంతి తీసుకునే ఏసీ బస్సు. హైదరాబాదీలకు గోల్కొండ దారిలో ఒకప్పుడు వర్తకుల బిడారులు దిగిన కార్వాన్ పేట. బ్రిటన్‌లో మాత్రం అది కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ అందులోనే.

ఈ సరదాకు ఆద్యుడిగా గార్డన్ స్టేబుల్స్ పేరు చెబుతారు. నౌకాదళంలో వైద్యుడిగా చేసి, తర్వాత పిల్లల కథలు రాసుకుంటూ బతికిన మనిషి. బ్రిస్టల్‌లో ఓ గూడుబండి కట్టించుకుని, దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టి, 1885లో రెండు గుర్రాలతో ఇంగ్లండ్ దక్షిణాన ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా వెళ్లాడు. వెంట బండివాడు, నౌకరు, కుక్క, చిలక. ఎదురుగా ఏదైనా బండి వస్తోందేమో చూడ్డానికి నౌకరు మూడు చక్రాల సైకిల్ మీద ముందు పోతుండేవాడు. దిమ్మరితనమే గానీ దర్జాకు లోటు లేదు! 1907లో కారవాన్ క్లబ్బు పుట్టినప్పుడు స్టేబుల్స్‌ను ఉపాధ్యక్షుణ్ని చేశారు. 2017లో క్లబ్బు పేరులో ‘మోటార్‌హోమ్’ కూడా చేరింది. సభ్యులు పది లక్షలకు పైనేనని క్లబ్బు చెప్పుకుంటుంది.

ఇక శుక్రవారం సంగతి. బండి కదలకముందే సగం పని బరువు దగ్గరుంటుంది. ఎద్దుబండి తోలినవాడికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు: వెనక్కి మొగ్గితే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. కారవాన్‌లోనూ అంతే. డబ్బాలు, టిన్నులు, గుడారం గుంజలు ఇరుసు మీదికి వచ్చేట్టు సర్దాలి. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం కారు కొక్కెం మీద పడాలి. అది తగ్గితే, వేగం అందుకోగానే బండి తోక ఊపడం మొదలుపెడుతుంది. పాములా మెలికలు తిరిగి చివరికి కారునే పక్కకు లాగేస్తుంది. అందుకే కొత్తవాళ్లకు సీనియర్లు చెప్పే లెక్క ఒకటుంది: కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకూడదు. మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు మించడానికి చట్టం ఒప్పుకోదు. మూడు వరసల రోడ్డయితే కుడి చివరి వరస వీళ్లకు నిషిద్ధం.

పొలం చేరాక మార్షల్ ఎదురొస్తాడు. జీతం లేని ఉద్యోగం, సభ్యులే వంతులవారీగా చేస్తారు. ఎక్కడ నిలపాలో మేకు చూపిస్తాడు. బండికీ బండికీ మధ్య ఆరు మీటర్ల ఎడం ఉండాలి; ఒకటి అంటుకున్నా పక్కదానికి పాకకుండా ఈ జాగ్రత్త. తర్వాత రసమట్టం పెట్టి చూసుకుంటూ, చక్రం కింద చెక్కలు తోసి, నాలుగు మూలలా కాళ్లు దింపుతారు. మగవాళ్లు ముగ్గురు చేతులు కట్టుకుని నిలబడి నాలుగోవాడికి సలహాలివ్వడం ఏ దేశంలోనైనా ఒకటే. నలభై లీటర్ల పీపాను పచ్చికలో దొర్లించుకుంటూ వెళ్లి నీళ్లు తెచ్చుకోవాలి. మరుగుదొడ్డి డబ్బాను ఎవరిది వాళ్లే మోసుకెళ్లి పారబోసుకోవాలి.

చలికాలపు ర్యాలీలో ఇంకో తిరకాసు. నీలం సిలిండర్‌లోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, సిలిండర్ నిండుగానే ఉంటుంది గానీ పొయ్యి వెలగదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా తట్టుకుంటుంది కాబట్టి తెలిసినవాళ్లు ఎర్ర సిలిండరే తెచ్చుకుంటారు.

శనివారం తీరిక రోజు. పొద్దున కాఫీ, రాత్రి క్విజ్జు, తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే భోజనం. ఎవరి కుర్చీ వాళ్లే మోసుకొస్తారు. పక్కింటివాళ్ల పేరైనా తెలియకుండా ఏళ్లు గడిపేవాళ్లు ఇక్కడ పక్క బండి వాళ్ల మోకాలి నొప్పి గురించి కూడా అడిగి తెలుసుకుంటారు.

ఇంత వాడ లేవడానికి స్థానిక కౌన్సిల్ అనుమతి అక్కర్లేదా? 1960లో వచ్చిన చట్టం ప్రకారం, కారవాన్లు నిలిపే స్థలానికి లైసెన్సు ఉండాల్సిందే. కానీ గుర్తింపు పొందిన క్లబ్బులకు మినహాయింపు ఇచ్చారు: సభ్యులు ఐదు రోజులు మించకుండా ర్యాలీ జరుపుకోవచ్చు, క్లబ్బు ధ్రువపత్రం ఉన్న రైతు తన పొలంలో ఏ సమయంలోనైనా ఐదు కారవాన్ల వరకు దించుకోవచ్చు. అదే చట్టం, తరతరాలుగా బండ్లలోనే కాపురాలు చేసిన జిప్సీలకు మాత్రం అలవాటైన విడుదులను మూసేసింది. వాళ్లకు స్థలాలు చూపించమని కౌన్సిళ్లను ఆదేశించే చట్టం 1968లో గానీ రాలేదు. సరదాగా దిమ్మరి అయినవాడికి గేటు తెరుచుకుంది. బండే ఇల్లయినవాడు గేటు బయటే ఉండిపోయాడు. తేడా బండిలో లేదు. ఆదివారం వెళ్లిపోతాడన్న నమ్మకం ఒకడి మీద ఉంది, ఇంకొకడి మీద లేదు.

ఆదివారం జెండా దగ్గర అందరూ చేరతారు. మార్షళ్లకు చప్పట్లు, వచ్చే ర్యాలీ ఎక్కడో ప్రకటన. మూలల కాళ్లు పైకి లేస్తాయి, బండ్లు ఒక్కొక్కటే గేటు దాటుతాయి. చివర్న మార్షల్ ఒక్కడే పొలమంతా తిరుగుతూ, ఎవరైనా మరిచిపోయిన గుడారం మేకుల కోసం గడ్డిలో కాలితో తడుముతుంటాడు. ఒక్కటి మిగిలినా రైతు గడ్డి కోసే యంత్రానికి తగులుతుంది.