ఫైఫ్ తీరపు రేవులు

స్కాట్లండు తూర్పు తీరమున, ఫోర్త్, టే అను రెండు నదీముఖముల నడుమ సముద్రములోనికి చొచ్చుకొనియున్న సీమ పేరు ఫైఫ్. దాని తూర్పు కొసను ఈస్ట్ న్యూక్ అందురు; న్యూక్ అనగా వారి మాటలో మూల. అచ్చట ఒక రేవు దాటిన కొలది దూరమునకే మరియొక రేవు కనబడును. కాలినడకన పోదలచినవారికి ఒడ్డు వెంబడి బాట కలదు.

పడమటనున్న లోయర్ లార్గోలో 1676లో అలెగ్జాండర్ సెల్కర్క్ జన్మించెను. 1704లో ఇతడు ఓడ నాయకునితో తగవుపడి పసిఫిక్ సముద్రమున ఒక నిర్జన ద్వీపమునందు దిగిపోయెను. నాలుగేండ్లకు పైగా ఒంటరిగా బ్రతికి, 1709లో రక్షింపబడెను. డీఫో 1719లో ప్రకటించిన రాబిన్సన్ క్రూసో కథకు ఇతని చరిత్రమే ప్రేరణమని చెప్పుదురు.

సెయింట్ మోనన్స్‌లో పదునాలుగవ శతాబ్ది నాటి చర్చి అలల అంచుననే నిలిచియున్నది. పిట్టెన్‌వీమ్ రేవున నేటికిని పడవలు పీతలను, రొయ్యలను దించుచున్నవి. ఆన్‌స్ట్రథర్‌లో 1969లో మత్స్యపరిశ్రమ ప్రదర్శనశాల వెలసినది. క్రెయిల్ ఇండ్ల ఎర్రపెంకులు పూర్వము హాలండు ప్రాంతములతో జరిగిన వర్తకమును జ్ఞప్తికి తెచ్చును.

ఈ ఊళ్లకు అన్నము పెట్టినది హెర్రింగ్ అను చేప. ఇరువదవ శతాబ్ది నడిమికి ఆ వేట క్షీణించెను, ఇండ్లు పాడుపడసాగెను. అప్పుడు స్కాట్లండు నేషనల్ ట్రస్టు 1960లో ఒక ఉపాయము పన్నెను. పాత యిల్లు కొని, బాగుచేసి, దాని రూపము చెడకుండ నియమము విధించి అమ్ముట. వచ్చిన సొమ్ముతో మరియొక యిల్లు కొనుట. ఆ విధముగా ఒకే మూలధనము తిరిగి తిరిగి పెక్కు గృహములను నిలిపినది. అయితే వేసవి విడుదులుగా మారిన ఇండ్లు శీతకాలమున తలుపులు మూసికొనియుండుట ఇప్పటి చింత. కాపురము లేని యిల్లు ఎంత చక్కగా నున్నను ఊరికి దీపము కాజాలదు.

ఉత్తరమున సెయింట్ ఆండ్రూస్ ఈ సంగతినే చాటుచున్నది. 1318లో ప్రతిష్ఠింపబడిన మహామందిరము 1559 నాటి మతకల్లోలములో దోపిడికి గురియై, విడువబడి, నేడు మొండిగోడలై యున్నది. 1413లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమో, విద్యార్థులతో కళకళలాడుచున్నది.

ఆ యూరనే 1833లో తెరువబడిన మద్రాసు కాలేజి అను పాఠశాల కలదు. దాని స్థాపకుడు ఆండ్రూ బెల్ ఆ యూరివాడే. ఇతడు మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర పాఠశాలను నడపుచు, మన వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, ఆ పద్ధతిని స్వీకరించెను. అంత దూరపు తీరమున మన యిసుక బడికి ఇట్లొక జ్ఞాపకము మిగిలినది.