కాలేయంలో కొవ్వు ఎలా తయారవుతుంది?

మేక కార్జం అందరూ చూసే ఉంటారు. మనిషి ఒంట్లోనూ అలాంటిదే ఉంటుంది. దాన్నే కాలేయం అంటారు. ఆసుపత్రిలో లివర్ అంటారు. కుడి పక్క, పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవాళ్లలో దాదాపు కిలోన్నర బరువు.

సారా తాగేవాళ్లకే లివర్ చెడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సారా ముట్టని ఆడవాళ్ల కాలేయంలోనూ కొవ్వు చేరుతుంది.

ఆ కొవ్వు ఎక్కడిది? కొంత మనం తిన్న నూనెది. కొంత కాలేయమే తయారు చేస్తుంది. దేనితో? ఎక్కువగా తిన్న అన్నంతో, చక్కెరతో.

ఈ పని చేసేవి ఎంజైములు. ఎంజైములంటే ఏమిటి? అన్నం ముద్దను బాగా నమిలి చూడండి. కాసేపటికి తియ్యగా అవుతుంది. ఉమ్మిలోని ఎంజైము అన్నాన్ని చక్కెరగా మారుస్తుంది. అలాగే కాలేయంలోని కొన్ని ఎంజైములు మిగిలిన చక్కెరను కొవ్వుగా మారుస్తాయి. అన్నం, తీపి ఎక్కువైతే ఈ ఎంజైములు పెరుగుతాయి.

తినే నూనెను బట్టి కూడా ఇవి మారతాయి. డాల్డా, నెయ్యి చలికి గడ్డకడతాయి. కుసుమ నూనె, పొద్దుతిరుగుడు నూనె అలా గడ్డకట్టవు. శాస్త్రవేత్తలు ఎలుకలకు కుసుమ నూనె పెట్టి చూశారు. కొవ్వు తయారుచేసే ఎంజైములు తగ్గాయి. గడ్డకట్టే రకం కొవ్వు పెడితే అంతగా తగ్గలేదు.

మరి మనుషుల్లో? స్వీడన్ దేశంలో 39 మందికి 7 వారాలు మామూలు తిండితోపాటు కేకులు పెట్టారు. కొందరికి పామాయిల్ కేకులు. కొందరికి పొద్దుతిరుగుడు నూనె కేకులు. 2014లో ఫలితం చెప్పారు. అందరి బరువూ ఒకేలా పెరిగింది. కానీ పామాయిల్ తిన్నవాళ్ల కాలేయంలో కొవ్వు చాలా ఎక్కువ పెరిగింది.

"అయితే పొద్దుతిరుగుడు నూనె ఎంతైనా పోసుకోవచ్చా అక్కా?" అని ఎవరైనా అడగవచ్చు. పోసుకోకూడదు. ఏ నూనె అయినా కొవ్వే. 1 గ్రాము పిండి పదార్థం 4 కాలరీల శక్తినిస్తే, 1 గ్రాము నూనె 9 కాలరీలు ఇస్తుంది. వాడుకోగా మిగిలింది ఒంట్లోనే చేరుతుంది.

కాలేయంలో కొవ్వు చేరినా మొదట్లో నొప్పి తెలియదు. ఏళ్ల తరబడి అలాగే ఉంటే కొందరిలో కాలేయం వాచి, గట్టిపడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలుసుకుంటే కొవ్వును తగ్గించుకోవచ్చు.

ఏం చేయాలి?

* డాల్డా, పామాయిల్ తగ్గించాలి. ఏ నూనెనైనా గరిటెతో కొలిచి వాడాలి.
* టీలో చక్కెర తగ్గించాలి.
* కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాలి. పస్తులు ఉండకూడదు.
* రోజూ నడవాలి.
* షుగరు జబ్బు, పెద్ద పొట్ట ఉన్నవాళ్లు ఆసుపత్రిలో లివర్ పరీక్ష అడగాలి.

మీ ఇంట్లో నెలకు ఎంత నూనె కొంటారు? ఎంతమంది తింటారు? లెక్క రాసి చూడండి.