తెలుగు క్రైస్తవ కీర్తనలు - కర్తలు

భక్తిభావాన్ని పాటగా మలచుకోవడం తెలుగువారికి తరతరాలుగా అలవడిన విద్య. ‘కీర్తన’ అంటే పొగడడం, స్తుతించడం అని అర్థం. పల్లవి, అనుపల్లవి, చరణాలు అనే అంగాలతో, రాగతాళబద్ధంగా సాగే ఈ ప్రక్రియను పదిహేనో శతాబ్దంలో తాళ్లపాక అన్నమాచార్యుడు సుసంపన్నం చేశాడు. ఆ తరువాత భద్రాచల రామదాసు, త్యాగరాజు మొదలైనవారు దానిని ఇంటింటికీ చేర్చారు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ వృక్షానికే ఒక కొత్త కొమ్మ చిగురించింది. అదే క్రైస్తవ కీర్తన. దాని పుట్టుకను, దానిని పెంచిన కవులను, దానిని గొంతులో నిలుపుకున్న ప్రజలను గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

క్రైస్తవ ఆరాధనలో పాటకు ప్రధాన స్థానం ఉంది. బైబిలులోని కీర్తనల గ్రంథంలో నూటయాభై స్తుతిగీతాలున్నాయి. ‘హల్లెలూయ’ అనే హీబ్రూ మాటకు ‘దేవుని స్తుతించండి’ అని అర్థం. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన వెస్లీ సోదరులలో చార్లెస్ వెస్లీ (1707-1788) ఆరువేలకు పైగా గీతాలు రచించాడు. ఆ ఉద్యమ ప్రభావం సముద్రాలు దాటి తెలంగాణ పల్లెల వరకు వచ్చింది. మెదకులో బ్రిటిషు వెస్లియన్ మిషనరీలు, జహీరాబాదు, వికారాబాదు, బీదరు ప్రాంతాలలో అమెరికన్ మెథడిస్టులు సంఘాలను, బడులను నెలకొల్పారు. కరువుకాలంలో పేదలకు పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ నిర్మింపజేసిన మెదకు చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది.

మిషనరీలు తమ వెంట తమ పాటలను కూడా తెచ్చుకున్నారు. వాటిని తెలుగులోకి అనువదించి పాశ్చాత్య బాణీలలోనే పాడించారు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఏర్పడింది. ఆంగ్ల పద్యం అక్షరాల ఊనికపై నడుస్తుంది. తెలుగు పద్యం గురులఘువులపై, అంటే అక్షరాన్ని పలికే కాలపరిమాణంపై నడుస్తుంది. పరాయి బాణీకి తెలుగు మాటలను కట్టినప్పుడు హ్రస్వం సాగి దీర్ఘమవుతుంది, దీర్ఘం కుదించుకుపోతుంది. ‘పడు’ అనే మాటలో మొదటి అక్షరాన్ని సాగదీస్తే ‘పాడు’ అవుతుంది. పడడం వేరు, పాడడం వేరు కదా! మాట మారితే భావం చెడుతుంది. వినేవారికి ఆ పాట తమది అనిపించదు.

ఈ చిక్కును విప్పిన తొలితరం కవులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఆయన పర్లాకిమిడి ప్రాంతంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఒడియా, తెలుగు భాషలు కలగలిసిన సీమ అది. సత్యాన్వేషణలో పడి అనేక గ్రంథాలు చదివిన చౌదరి, క్రైస్తవ కరపత్రాల వల్ల ఆ మతం వైపు ఆకర్షితుడై 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. నాటి సమాజంలో అటువంటి నిర్ణయానికి మూల్యం చెల్లించక తప్పదు. కులానికి, బంధువర్గానికి ఆయన దూరం కావలసి వచ్చింది. అయినా తాను చిన్ననాటి నుండి నేర్చిన సంగీత సాహిత్యాలను మాత్రం ఆయన విడిచిపెట్టలేదు. త్యాగరాజు ఇంకా జీవించి ఉన్న కాలంలోనే, ఆయన కీర్తించిన ప్రక్రియలోనే, చౌదరి క్రీస్తును కీర్తించాడు. పల్లవి ఉంది, చరణాలున్నాయి, రాగతాళాలున్నాయి. కొత్తదల్లా స్తుతింపబడే దైవమే.

చౌదరి చూపిన బాటలో మరికొందరు నడిచారు. విశాఖపట్నంలోని లండన్ మిషనుతో సంబంధం గల పులిపాక జగన్నాథం వారిలో ప్రముఖుడు. ఇరవయ్యో శతాబ్దంలో, 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు అనేక కీర్తనలు రచించాడు. జీవితాన్ని నావగా, క్రీస్తును దానిని నడిపే నావికునిగా భావించి ఎ.బి. మాసిలామణి (1914-1990) రచించిన పాట తెలుగు క్రైస్తవులందరికీ సుపరిచితం. పొరుగున తమిళంలో తంజావూరు వేదనాయగం శాస్త్రి (1774-1864), మహారాష్ట్రంలో నారాయణ వామన తిలక్ (1861-1919) చేసిన కృషి కూడా ఇటువంటిదే. దేశభాషలన్నీ ఇంచుమించు ఒకే మార్గాన్ని కనుగొన్నాయి. తెలుగు కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంకలనంగా వెలువడి, శాఖాభేదం లేకుండా పలు సంఘాలలో వాడుకలోకి వచ్చాయి.

ఈ కీర్తనల భాషను పరిశీలిస్తే ఒక విశేషం గోచరిస్తుంది. కరుణ, శరణు, దీనత, పాపవిమోచన, రక్షణ వంటి మాటలు వీటిలో తరచుగా వినిపిస్తాయి. ఇవి భక్తి సాహిత్యం శతాబ్దాలుగా సాన పట్టిన మాటలే. మతం మారినా కవి తన భాషా వారసత్వాన్ని వదులుకోలేదనడానికి ఇది నిదర్శనం.

ఇక ఈ పాటలను పాడినవారెవరు? మెదకు, జహీరాబాదు ప్రాంతాలలో క్రైస్తవాన్ని స్వీకరించినవారిలో అధికులు దళితులు. గుడి మెట్లు, బడి మెట్లు రెండూ వారికి దూరంగా ఉండిన రోజులవి. పైగా ఆ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైతం బోధన ఉర్దూలోనే సాగింది. అటువంటి పరిస్థితులలో అక్షరం రాని కూలి మనిషి సైతం పది చరణాల కీర్తనను కంఠస్థం చేశాడు. సంస్కృత సమాసాలు, రాగాల వరుసలు, తాళం నడకలు అతని సొంతమయ్యాయి. ఒకప్పుడు పండితులకు పరిమితమైన భాష పొలం గట్టు మీద, దీపం వెలుగులో భజనగా మారింది. పుస్తకం చేతికి రాకముందే సాహిత్యం నోటికి వచ్చింది. క్రైస్తవ కీర్తన సాధించిన ఘనకార్యాలలో ఇది మొదటిది.

జహీరాబాదు కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న పట్టణం. ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ భాషలు ఒకే సంతలో వినిపిస్తాయి. చౌదరి పుట్టిన సీమ వలె ఇది కూడా భాషల కూడలే. జొన్న, కంది, చెరకు పండే ఈ నేలలో, పంటకోత కృతజ్ఞతార్పణ పండుగనాడు రైతులు తమ పంటలో కొంత చర్చికి సమర్పిస్తారు. అప్పుడు హార్మోనియం, డోలకు, తాళాల నడుమ కీర్తనలు మారుమ్రోగుతాయి.

కీర్తన నుండి కావ్యం వరకు తెలుగు క్రైస్తవ సాహిత్యం విస్తరించింది. గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించడం ఇందుకు తార్కాణం. అయితే కావ్యకర్తల పేరు పాఠ్యపుస్తకాలలో నిలుస్తుంది. కీర్తనకారుని పేరు పాటలో కరిగిపోతుంది. నేడు కీబోర్డులు, కొత్త బాణీలు వచ్చాయి. పాత కీర్తనల రాగతాళాలు తెలిసిన పెద్దలు తగ్గిపోతున్నారు. పాట మిగిలినా, దాని నడక తెలిసినవారు లేకపోతే అది సగమే మిగిలినట్లు.

కాబట్టి విద్యార్థులారా! ఏ మతానికి చెందిన కీర్తన విన్నా, దానిని రచించినవారెవరో, అది ఏ రాగంలో ఉందో అడిగి తెలుసుకోండి. మీ ఊరిలోని వృద్ధులు పాడే పాటలను వారి గొంతులోనే విని రాసుకోండి. దైవం ఏదైనా, ఆ స్తుతిని మోస్తున్నది మన తెలుగు భాషే. దానిని భద్రపరచడం మనందరి బాధ్యత.