యూరప్ టూర్‌లో సడన్‌గా రైలు క్యాన్సిల్.. వెంట పది మంది ఉంటే ఏం చేయాలి?

2025 మార్చి 7. ప్యారిస్‌లోని గార్ డు నార్ స్టేషన్‌కు వెళ్లే పట్టాల దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు బయటపడింది. అంతే.. ఆ రోజు ప్యారిస్-లండన్ యూరోస్టార్ రైళ్లన్నీ రద్దు. అదే ఏడాది ఏప్రిల్ 28న కరెంటు పోయి స్పెయిన్, పోర్చుగల్‌లో రైళ్లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఒక్కరే ఉంటే ఎలాగోలా సర్దుకుంటారు. కానీ అమ్మానాన్న, అత్తామామ, పిల్లలు కలిపి పది మంది సూట్‌కేసులతో ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే?

తొందరపడి రీఫండ్ బటన్ నొక్కొద్దు. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఇక్కడ రైలు 3 గంటలకు మించి లేటైతే టీడీఆర్ వేసి డబ్బులు తెచ్చుకోవడం మనకు అలవాటు. యూరోపియన్ యూనియన్‌లో 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం, గమ్యానికి 60 నిమిషాలు లేదా అంతకన్నా ఆలస్యమయ్యేలా ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి రీఫండ్. రెండోది, అదే టికెట్‌పై మరో రైల్లో గమ్యానికి చేర్చమని అడగడం. రీఫండ్ తీసుకున్నారంటే మిమ్మల్ని చేర్చే బాధ్యత రైల్వేకు ఉండదు. అప్పటికప్పుడు పది టికెట్లు కొనాలంటే రేటు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంకో పాయింట్ చాలామందికి తెలియదు. రైలు బయల్దేరాల్సిన టైమ్ నుంచి 100 నిమిషాల్లోగా రైల్వే ప్రత్యామ్నాయం చూపించకపోతే, వేరే రైలు లేదా బస్సు టికెట్ మీరే కొనుక్కుని, సమంజసమైన ఖర్చును తిరిగి అడగొచ్చు. ట్యాక్సీ ఈ లెక్కలోకి రాదు. ఎదురుచూసే టైమ్‌ను బట్టి తిండి, నీళ్లు, రాత్రి ఆగిపోవాల్సి వస్తే హోటల్ కూడా వీలున్న చోట వాళ్లే చూడాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకూ ఇదే హక్కు. లోకల్ రైళ్లకు మాత్రం కొన్ని దేశాల్లో మినహాయింపులున్నాయి.

అసలు తలనొప్పి సీట్లు

ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచారోసా లాంటి రైళ్లలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి. తర్వాతి రైల్లో పది సీట్లు ఒకేచోట దొరకడం కష్టమే. అందుకే గ్రూప్‌ను రెండుగా విడదీయాల్సి రావొచ్చు. అప్పుడు చూడాల్సింది డబ్బు కాదు.. ఎవరి దగ్గర ఏముందన్నది. ఇంగ్లిష్ మాట్లాడగలిగేవాళ్లు, డేటా ఉన్న ఫోన్ రెండు బ్యాచుల్లోనూ ఉండాలి. ఎవరి పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే, బీపీ, షుగర్ మందులు హ్యాండ్‌బ్యాగులోనే. "అన్నీ అల్లుడి దగ్గరున్నాయి" అంటే అల్లుడు వేరే రైల్లో ఉంటాడు! టికెట్లన్నీ ఒకే ఫోన్‌లో ఉంటే పీడీఎఫ్‌లు ముందే వాట్సాప్ గ్రూప్‌లో వేసేయండి.

జర్మనీలో కాస్త వెసులుబాటు ఉంది. ఐసీఈ రైళ్లలో రిజర్వేషన్ తప్పనిసరి కాదు. గమ్యానికి 20 నిమిషాలకు పైగా లేటయ్యేలా ఉంటే, ఒకే రైలుకు పరిమితమైన చౌక టికెట్‌తోనూ వేరే రైలు ఎక్కొచ్చు. కానీ జాగ్రత్త.. అక్కడ కొన్ని రైళ్లు మధ్యలో రెండుగా విడిపోయి వేర్వేరు ఊళ్లకు వెళ్తాయి. పెద్దవాళ్లను ఏ బోగీ కనిపిస్తే అందులో ఎక్కించేయొద్దు.

బోర్డు మీద జర్మనీలో "ఫెల్ట్ ఆస్", ఫ్రాన్స్‌లో "సుప్రిమే" అని కనిపిస్తే రైలు రద్దయినట్టే. ఇటలీలో "రిటార్డో" అంటే ఆలస్యం, "షోపెరో" అంటే సమ్మె.

విడివిడిగా కొన్న టికెట్లయితే, మొదటి రైలు లేటై రెండోది మిస్సయినా సాధారణంగా పరిహారం రాదు. హైదరాబాద్ ఫ్లైట్ కూడా అంతే. ఫ్లైట్ ఉన్న రోజు పొద్దున్నే ఇంకో దేశం నుంచి రైల్లో రావాలని ప్లాన్ చేయడం మా దృష్టిలో రిస్కే. ముందు రోజు రాత్రికే ఆ ఊరు చేరడం మేలు.

ప్రయాణం కొనసాగించినా, 60 నుంచి 119 నిమిషాల ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం పరిహారం అడగొచ్చు. తీవ్రమైన వాతావరణం, విధ్వంసం లాంటి కారణాలైతే ఇవ్వరు. రైల్వే సిబ్బంది సమ్మె మాత్రం ఆ సాకు కిందకు రాదు. క్లెయిమ్‌కు 3 నెలల గడువుంది కాబట్టి ఇంటికొచ్చాకా వేయొచ్చు. టికెట్లు, బిల్లులు, ఆలస్యం చూపించిన బోర్డు ఫొటో పారేయకుండా ఉంచుకోండి.