డాలరు వాయిదా బేరాలు: రక్షణ ఏది, జూదం ఏది?

గుంటూరు యార్డులో మిరప కొని విదేశాలకు పంపే వర్తకుడు ఒకేసారి రెండు బేరాలు చేస్తాడు. ఒకటి మిరపలో, రెండవది డాలరులో. మిరప బేరంలో టిక్కీ విప్పించి, రంగు, తేమ చూసి, క్వింటాలుకు వంద రూపాయల దగ్గర పట్టుబడతాడు. డాలరు బేరం మాత్రం చాలామంది చేస్తున్నామని తెలియకుండానే చేస్తారు. ధర కుదిరిన నాటికీ, డబ్బు బ్యాంకులో జమపడిన నాటికీ మధ్య రెండు మూడు నెలలు గడుస్తాయి. ఆ వ్యవధిలో మారకపు రేటు తిరగబడితే సరకులో వచ్చిన లాభం మారకంలో పోతుంది. భీమవరం ప్రాంతపు రొయ్యల ఎగుమతిదారులకు, కాకినాడ నుంచి బియ్యం పంపేవారికి, అదే రేవులో పామాయిలు దింపుకొనేవారికి కూడా ఈ ఇబ్బంది ఉన్నదే.

ఈ నష్టాన్ని తప్పించుకొనే సాధనాలు బ్యాంకుల వద్దా, ఎక్స్ఛేంజీలలోనూ ఉన్నాయి. అయితే వెనుక సరకు లేనివాడి చేతిలో పడితే అవే సాధనాలు సట్టాగా మారతాయి. విదేశ మారక వ్యాపారంలోకి కొత్తగా వచ్చేవారు మొట్టమొదట గ్రహించవలసిన తేడా ఇది.

రేటు ఎవరు నిర్ణయిస్తారు?

ఒకప్పుడు రూపాయి రేటును అధికారులే నిర్ణయించేవారు. 1966 జూన్ 6న డాలరు రేటును 4.76 రూపాయల నుంచి 7.50 రూపాయలకు మార్చారు. 1975 సెప్టెంబరులో పౌనుతో ఉన్న ముడి విప్పి, కొన్ని ప్రధాన కరెన్సీల సముదాయంతో రూపాయిని జతపరిచారు. 1991 జూలై 1, 3 తేదీలలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. 1993 మార్చి నుంచి రేటును బజారుకు వదిలారు. రిజర్వు బ్యాంకు ఫలానా రేటును నిలుపుతానని హామీ ఇవ్వదు. ఒడిదుడుకులు మితిమీరినప్పుడు డాలర్లు అమ్మి గానీ, కొని గానీ జోక్యం చేసుకుంటుంది.

కనుక ఇప్పుడు డాలరు కూడా ఒక సరకే. రాబడి ఎక్కువైతే ధర తగ్గుతుంది, గిరాకీ ఎక్కువైతే పెరుగుతుంది. ఎగుమతులు, విదేశీ పెట్టుబడులు, విదేశాలలోని మనవారు పంపే డబ్బు రాబడి వైపు నిలుస్తాయి. ముడిచమురు, బంగారం, వంటనూనెల దిగుమతులు గిరాకీ వైపు నిలుస్తాయి. మన దేశానికి కావలసిన ముడిచమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా దిగుమతే కనుక, చమురు ధర ఎగిసినప్పుడల్లా డాలరుకు గిరాకీ పుడుతుంది. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగితే అక్కడి పెట్టుబడులు వెనక్కు మళ్లుతాయి. 2013లో అమెరికా కేంద్ర బ్యాంకు తన సహాయ చర్యలను తగ్గించబోతున్నదన్న మాట వెలువడినంతనే పరిస్థితి మారిపోయింది. ఆ ఏడాది మే ఆరంభంలో 54 రూపాయల ప్రాంతంలో ఉన్న డాలరు ఆగస్టు 28న 68.80కి చేరింది. లక్ష డాలర్ల పామాయిలు బిల్లు చెల్లించవలసిన దిగుమతిదారుకు నాలుగు నెలల లోపునే సుమారు 14 లక్షల 80 వేల రూపాయల అదనపు భారం పడిందన్నమాట.

రూపాయి ఎప్పుడూ తగ్గేదే గానీ పెరిగేది కాదన్న ధీమా ఎగుమతిదారులలో కనిపిస్తుంది. 2007 సంవత్సరం ఆ ధీమాను దెబ్బతీసింది. ఏడాది ఆరంభంలో 44 రూపాయల దగ్గర ఉన్న డాలరు సంవత్సరాంతానికి 39 ప్రాంతానికి దిగింది. పాత రేటు మీద లెక్కవేసి ధరలు ఒప్పుకున్నవారు ఆ ఏడాది నష్టాలు చవిచూశారు.

లాభం ఎలా కరుగుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. రేట్లు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. ఒక ఎగుమతిదారు 50,000 డాలర్లకు మిరప అమ్మాడు. ఒప్పందం నాడు డాలరు 85 రూపాయలు. ఆ లెక్కన రావలసినది 42,50,000 రూపాయలు. కొనుగోలు, కమీషను, గోతాలు, కూలీ, ఓడ కిరాయి, వడ్డీ అన్నీ కలిపి ఖర్చు 41,65,000. లాభం 85,000. అంటే అమ్మకం విలువలో 2 శాతం.

మూడు నెలల తరువాత డబ్బు వచ్చేసరికి డాలరు 83.30 అయితే లాభం సున్న. 83 అయితే 15,000 రూపాయల నష్టం. రూపాయి డెబ్బై పైసల తేడా మూడు నెలల శ్రమను తుడిచివేసింది. డాలరు 87కి పెరిగితే లాభం రెట్టింపుకు పైగా పెరిగే మాట నిజమే. అయితే అది మిరపలో వచ్చిన లాభం కాదు. రాకపోయినా అతని వ్యాపారం నడవాలి.

బ్యాంకులో ముందస్తు ఒప్పందం

ఈ అనిశ్చితిని తొలగించేది ఫార్వర్డు కాంట్రాక్టు. మూడు నెలల తరువాత రాబోయే 50,000 డాలర్లను ఫలానా రేటుకు ఇస్తానని ఎగుమతిదారు, తీసుకుంటానని బ్యాంకు ఈనాడే ఒప్పుకుంటాయి. ఆ రేటు ఈనాటి 85 రూపాయలు కాదు. మన దేశంలో వడ్డీ అమెరికా కంటే ఎక్కువగా ఉన్నంత కాలం వాయిదా డాలరు కొంత హెచ్చు ధర పలుకుతుంది. శీతల గిడ్డంగిలో సరకు నిలవ పెట్టి మూడు నెలల వాయిదా మీద అమ్మేవాడు అద్దె, వడ్డీ కలుపుకొని ధర చెప్పడం వర్తకులకు తెలిసినదే. ఇక్కడ అద్దె లేదు, రెండు దేశాల వడ్డీ తేడా మాత్రం ఉంది. దీనినే ప్రీమియం అంటారు. డాలరు అంతకు పెరుగుతుందని బ్యాంకు చెప్పిన జోస్యంగా దీనిని భావించరాదు.

ప్రీమియం 40 పైసలు అనుకుంటే ఫార్వర్డు రేటు 85.40. ఎగుమతిదారుకు 42,70,000 రూపాయలు ఖాయం, లాభం 1,05,000. దిగుమతిదారు విషయం ఇందుకు తిరుగుడు. అతను డాలర్లు ముందుగా కొనాలి కనుక ప్రీమియం అతనికి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చును సరకు ధరలో కలుపుకోవాలి.

బ్యాంకు ఎప్పుడూ రెండు రేట్లు చెబుతుందన్నది మరువరాదు. ఒకటి అది కొనే రేటు, రెండవది అమ్మే రేటు. మధ్య తేడా బ్యాంకు ఆదాయం. చిన్న ఖాతాదారుకు ఈ తేడా పెద్దది. ఇద్దరు ముగ్గురు దళారుల ధర విచారించనిదే మిరప కొననివారు, బ్యాంకు చెప్పిన రేటుకు మాత్రం మారు మాటాడక సంతకం చేస్తున్నారు. కనీసం రెండు బ్యాంకుల రేట్లు పోల్చుకోవడం అవసరం. 2019 ఆగస్టు నుంచి క్లియరింగ్ కార్పొరేషన్ నడుపుతున్న ఎఫ్.ఎక్స్.-రిటైల్ వేదిక ద్వారా తమ బ్యాంకు అనుమతితో చిన్న వర్తకులు కూడా బజారు రేటుకు దగ్గరగా బేరం చేసుకొనే వీలు ఏర్పడింది.

ఫార్వర్డులో చిక్కు సరకు ఆగినప్పుడు వస్తుంది. పురుగుమందుల అవశేషాలున్నాయనో, బూజు విషం ఉందనో విదేశీ కొనుగోలుదారు మిరప తిరస్కరించవచ్చు. డాలర్లు రావు, బ్యాంకుతో ఒప్పందం మాత్రం మిగిలి ఉంటుంది. ఆనాటికి డాలరు 87 అయితే 87కి కొని 85.40కి ఇచ్చినట్టు లెక్కకట్టి బ్యాంకు డాలరుకు 1.60 చొప్పున 80,000 రూపాయలు వసూలు చేస్తుంది. అందువల్ల ఖాయమైన ఆర్డరుకు మించి ఫార్వర్డు చేయడం క్షేమం కాదు.

ఎక్స్ఛేంజిలో ఫ్యూచర్సు

మన దేశంలో డాలరు-రూపాయి ఫ్యూచర్సు 2008 ఆగస్టు 29న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ప్రారంభమయ్యాయి. ఒక లాటు 1,000 డాలర్లు. ధర పావు పైసా చొప్పున కదులుతుంది. అంటే ఒక కదలికకు లాటుకు రెండున్నర రూపాయలు. ఇక్కడ డాలర్లు చేతులు మారవు. గడువు నాటి ప్రామాణిక రేటును బట్టి తేడా రూపాయలలోనే తేలుతుంది. పూర్తి విలువ చెల్లించనక్కరలేదు, కొద్ది శాతం మార్జిను కడితే చాలు.

సౌలభ్యం ఇందులోనే ఉంది, ప్రమాదమూ ఇందులోనే ఉంది. ప్రతి సాయంత్రం లెక్క తేలుస్తారు. పై ఎగుమతిదారు 50 లాట్లు అమ్మాడనుకుందాం. డాలరు ఒక రూపాయి పెరిగితే 50,000 రూపాయలు వెంటనే కట్టాలి. అతని మిరప డాలర్లకు కూడా అంతే విలువ పెరిగింది గాని, ఆ డబ్బు చేతికి రావడానికి ఇంకా నెలలు పట్టవచ్చు. చేతిలో నగదు లేక మధ్యలో బేరం వదులుకుంటే రక్షణ పోయి, నష్టం మాత్రం మిగులుతుంది. ఫ్యూచర్సు చేయదలచినవారు మార్జిను ఒక్కటే గాక, ఇలాంటి రోజుల కోసం కొంత నగదు విడిగా ఉంచుకోవాలి.

పాత సట్టా బజారులలో తేజీ, మందీ అని పిలిచిన బేరాలే నేటి ఆప్షన్లు. కొన్నవాడికి నష్టం కట్టిన సొమ్ముతో ఆగుతుంది. అమ్మినవాడి నష్టానికి మాత్రం హద్దు చెప్పలేము. 2007-08లో తిరుప్పూరు బనియన్ల ఎగుమతిదారులు పలువురు తగిలించుకున్న దెబ్బ ఇలాంటిదే. ఖర్చు లేని రక్షణ అనే పేరుతో, స్విస్ ఫ్రాంకు వంటి తమ వ్యాపారానికి సంబంధం లేని కరెన్సీలతో ముడిపడిన చిక్కు ఒప్పందాల మీద సంతకాలు జరిగాయి. 2008 మార్చిలో డాలరు ఒక ఫ్రాంకు కంటే కూడా దిగువకు పడింది. వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. ఎవరి బిల్లు డాలరులో ఉందో వారికి డాలరు ఒప్పందమే రక్ష. ఒప్పందంలో ఏ షరతు తనకు అర్థం కాలేదో దానిని బ్యాంకు అధికారి చేత విడమరచి చెప్పించుకోనిదే సంతకం చేయరాదు.

సరకు లేని బేరం

2024 మే 3 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రూపాయితో ముడిపడిన ఎక్స్ఛేంజి కరెన్సీ బేరాలు చేసేవారికి అందుకు తగిన విదేశీ లావాదేవీ నిజంగా ఉండి తీరాలి. 10 కోట్ల డాలర్ల వరకు ముందుగా పత్రాలు చూపనక్కరలేదు గాని, లావాదేవీ లేకుండా బేరం చేయవచ్చునని దీని అర్థం కాదు. ఈ నిబంధన స్పష్టమైన తరువాత ఎక్స్ఛేంజిలలో కరెన్సీ వ్యాపారం బాగా పలచబడింది. వెనుక బిల్లు లేకుండా ఎన్ని బేరాలు నడిచాయో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఫోను యాపుల ద్వారా విదేశీ వేదికలలో యూరో-డాలరు బేరాలు చేయించేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 20,000 రూపాయలు కడితే వంద రెట్లు, అంటే 20 లక్షల బేరం చేయనిస్తామంటారు. ధర ఒక్క శాతం ఎదురు తిరిగితే కట్టిన సొమ్మంతా పోతుంది. యూరో-డాలరు రేటు ఒక్క రోజులో అంత కదలడం అరుదైన సంగతేమీ కాదు. చాలా వేదికలలో ఖాతాదారు నష్టమే వేదిక లాభం. యూరపు మార్కెట్ల నియంత్రణ సంస్థ 2018లో వెల్లడించిన వివరాల ప్రకారం ఇలాంటి బేరాలు చేసే చిన్న ఖాతాలలో 74 నుంచి 89 శాతం వరకు నష్టపోతున్నాయి. అక్కడ ఆ వ్యాపారం చట్టబద్ధమే అయినా ఫలితం ఇది.

నష్టాన్ని ఫలానా ధర దగ్గర ఆపివేసే ఆర్డరు ఉందిగా అన్న ధైర్యం కూడా పూర్తిగా పనికిరాదు. యూరో 1.20 ఫ్రాంకుల కంటే దిగువకు పోనివ్వమని 2011 సెప్టెంబరులో ప్రకటించిన స్విట్జర్లాండు కేంద్ర బ్యాంకు, 2015 జనవరి 15న ఆ హామీని హఠాత్తుగా విరమించుకుంది. కొద్ది నిమిషాలలో యూరో ఒక ఫ్రాంకు కంటే దిగువకు పడింది. మధ్య ధరలలో కొనేవారు లేక, ఆపుదల ఆర్డర్లు అనుకున్న ధరకు నెరవేరలేదు. ఎందరో ఖాతాదారులు కట్టిన సొమ్ము పోగొట్టుకొని, పైన బాకీ కూడా పడ్డారు.

మన దేశంలో చట్టపు చిక్కు దీనికి అదనం. రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన వేదికలలో, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజిలలో, అధీకృత డీలర్లతో మాత్రమే ఈ బేరాలు చేయాలి. వ్యక్తులు ఏటా రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపుకొనే సదుపాయం మార్జిను చెల్లింపులకు వర్తించదు. ఉల్లంఘించినవారికి 1999 నాటి విదేశ మారక నిర్వహణ చట్టం కింద సంబంధిత సొమ్ముకు మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో హెచ్చరిక జాబితా వెలువరించింది. తరువాత దానికి మరికొన్ని పేర్లు చేర్చింది. జాబితాలో లేనంత మాత్రాన ఒక వేదికకు అనుమతి ఉన్నట్టు కాదు.

పాటించవలసిన పద్ధతి

ఆర్డరు ఖాయమైన రోజునే రూపాయలలో లాభం ఎంతో లెక్కకట్టి, ఏ రేటు వద్ద ఆ లాభం సున్న అవుతుందో ఖాతా పుస్తకంలో రాసుకోవాలి. ఆ రేటుకూ, బజారు రేటుకూ దూరం తక్కువగా ఉంటే అధిక భాగానికి రక్షణ తీసుకోవాలి. దూరం ఎక్కువగా ఉంటే సగంతో ఆరంభించి, ఓడ పత్రాలు చేతికి వచ్చాక మిగతాది చేయవచ్చు. ఒప్పందపు గడువు డబ్బు రావలసిన తేదీకి దగ్గరగా ఉండాలి. డాలరు బేరంలో వచ్చిన నష్టాన్ని విడిగా చూడరాదు, సరకు ఖాతాతో కలిపి చూడాలి. ఫార్వర్డు 85.40కి చేసిన తరువాత డాలరు 87కి పోయినందుకు విచారించేవారు, సరకు క్షేమంగా చేరిన తరువాత భీమా రుసుము దండుగైందని విచారించేవారితో సమానం. అలా విచారించి రెండవసారి రక్షణ మానుకున్నవారే సాధారణంగా పెద్ద దెబ్బ తింటారు.