తాగుబోతుకు తాగుబోతే సాక్ష్యం

1872లో న్యూయార్క్ రేవు పక్కన, 316 వాటర్ స్ట్రీట్‌లో జెర్రీ మెకాలే అనే ఐర్లండ్ మనిషి ఒక మిషన్ తెరిచాడు. చుట్టూ సారా దుకాణాలే. నిలువ నీడ లేని తాగుబోతుల కోసం అమెరికాలో పుట్టిన ‘రెస్క్యూ మిషన్’లలో మొదటిదిగా దాన్నే చెబుతారు. నడిపినవాడు పాస్టరు కాదు, పాత ఖైదీ. పందొమ్మిదేళ్లకే దోపిడీ కేసులో సింగ్ సింగ్ జైలుకు వెళ్లి, అక్కడ ఒక మాజీ బాక్సర్ చెప్పిన సాక్ష్యం విని బైబిలు పట్టాడు.

కథ అక్కడే సుఖాంతమైతే నేను నమ్మేవాణ్ణి కాదు. 1864లో విడుదలయ్యాక ఆదుకునే దిక్కు లేక మళ్లీ మందు, మళ్లీ నదిమీద దొంగతనాలు. రెండోసారి మారాక కూడా కాలు జారుతూనే వచ్చాడు. అందుకేనేమో, ఆయన మిషన్‌లో తిండి, తల దాచుకునే చోటుతో పాటు రోజూ రాత్రి కూటం ఉండేది. ప్రసంగం తక్కువ, సాక్ష్యాలు ఎక్కువ. వీధిలో పడున్న తాగుబోతుకు నీతులు చెప్పేవాళ్లకు ఎప్పుడూ కొదవలేదు. నిన్నటిదాకా తనలాగే పడున్నవాడు ఇవాళ లేచి నిలబడి మాట్లాడితేనే వాడికి చెవికెక్కుతుంది.

శామ్యూల్ హాడ్లీ సంగతే చూడండి. 1882లో, ఉన్నదంతా తాగుడుకు తగలేసి, హార్లెమ్‌లో ఒక బారులో కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, గ్లాసులు గలగలలాడేలా బల్ల గుద్ది, ఇక ముట్టనన్నాడు. ఆ మాట తప్పుతానేమోనని తనే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి లోపల పెట్టించుకున్నాడు! ఆ తర్వాత మెకాలే కూటంలో ప్రార్థన చేసి తాగుడు మానాడు. చివరికి వాటర్ స్ట్రీట్ మిషన్‌ను నడిపింది ఆయనే. మనస్తత్వవేత్త విలియం జేమ్స్ మతానుభవాలపై 1902లో రాసిన పుస్తకంలో ఈ ఉదంతాన్ని చేర్చాడు.

ఈ దానధర్మాల్లో చేదు కూడా లేకపోలేదు. టీ, రొట్టె ఇచ్చి బలవంతంగా ప్రార్థనకు కూర్చోబెడితే లండన్ దేశదిమ్మరులు ఎంత మండిపడ్డారో రచయిత జార్జ్ ఆర్వెల్ 1933లో రాశాడు. వాళ్ల కోపం న్యాయమే. పైగా ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థన ఉన్నా డాక్టరు ఉండాల్సిందే.

అయినా ఆ సాక్ష్యం పద్ధతి ఆగిపోలేదు. 1934లో న్యూయార్క్‌లోని కల్వరీ మిషన్‌లో చేరిన ఎబీ థాచర్, తాగుడులో మునిగిన పాత మిత్రుడు బిల్ విల్సన్‌కు తన సాక్ష్యం చెప్పాడు. విల్సన్ ఆసుపత్రిలో చేరి మందు మానాడు. 1935లో డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిసి తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ మొదలుపెట్టాడు. అందులో క్రీస్తు పేరు తప్పనిసరి కాదు, ఎవరికి తోచిన దేవుడు వారికి. సాక్ష్యం పద్ధతి మాత్రం అలాగే నిలిచింది. హైదరాబాద్ మీటింగుల్లోనూ తాగి మానినవాళ్లే మాట్లాడతారు.

ఎబీ మాత్రం ఆ తర్వాత ఎన్నోసార్లు మళ్లీ మందు పట్టాడు. అయినా విల్సన్ ఆయన్ని తన ‘స్పాన్సర్’ అనే, అంటే మానడానికి తోడు నిలిచినవాడనే, చెప్పుకునేవాడు.