మీకు తెలుసా? గింజ లేని అరటి, ముక్కలు మారిన క్రోమోజోములు

ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుడికి వెళ్ళేవాళ్ళ చేతిలో కొబ్బరికాయతో పాటు అరటిపళ్ళూ ఉంటాయి. ఆ పండులో గింజ లేకపోవడానికి వేల ఏళ్ళ నాటి క్రోమోజోముల మార్పుచేర్పులు ఒక కారణం. అలాంటి మార్పే మనిషిలో వస్తే ఒక్కోసారి జబ్బు, ఒక్కోసారి గర్భశోకం.

● ముక్కలు మారడం అంటే?
జన్యువులు వరసగా పేర్చి ఉన్న పొడవాటి పోగే క్రోమోజోము. మనిషి కణంలో ఇవి 46. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23. ఎక్కడైనా తెగితే కణం వెంటనే అతుకు వేసుకుంటుంది. రెండు క్రోమోజోములు ఒకేసారి తెగితే మాత్రం జంక్షన్‌లో రెండు రైళ్ళ బోగీలు తారుమారైనట్టు దీని ముక్క దానికీ, దాని ముక్క దీనికీ అంటుకోవచ్చు. మూడు చోట్ల గానీ అంతకు మించి గానీ తెగి, రెండు లేదా అంతకంటే ఎక్కువ క్రోమోజోములు కలగాపులగమైతే అది సంక్లిష్టమైన మార్పు.

● అరటిలో గింజ ఏమైంది?
పండుని అడ్డంగా కోసి చూడండి. నడిమధ్య సన్నటి నల్లచుక్కలు కనిపిస్తాయి. గింజలు కావలసినవి ఎదగకుండా అక్కడే ఆగిపోయాయి. అడవి అరటిలో అదే చోట పంటికి రాయిలా తగిలే గింజలుంటాయి. దాని క్రోమోజోములు 22. మన కర్పూర చక్కెరకేళికి, అమృతపాణికి, కూరకి వాడే బొంతకి 33. అంటే ప్రతిదీ మూడేసి. బీజకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి చెరిసగం విడిపోవాలి. మూడున్నప్పుడు ఆ పంపకం కుదరదు.

● ముక్కలు మారినవీ ఉన్నాయి!
అడవి అరటి జాతి ఒకదానిలో ఒకటో క్రోమోజోము, నాలుగో క్రోమోజోము పెద్ద ముక్కలే మార్చుకున్నాయని 2017లో ఫ్రాన్స్‌లోని సిరాడ్ సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. ఒక్కో ప్రాంతపు అడవి అరటిలో ఒక్కో రకం మార్పు. మనుషులు పిలకలు పట్టుకుని వలస వెళ్ళినప్పుడు ఈ రకాలు కలిశాయి. అమరిక వేరైన క్రోమోజోములు సరిగ్గా జతపడవు కాబట్టి గింజ కట్టడం ఇంకా తగ్గింది. గింజ లేకుండానే కాయ ఊరే గుణం కూడా తోడవడంతో మనకి తినే పండు దక్కింది.

● ఆ వరానికి మూల్యమూ ఉంది
గింజ లేని చెట్టుకి పిలకే దిక్కు. తల్లికి ఉన్న బలహీనత పిలకకీ వస్తుంది. పనామా తెగులు తోటలో అడుగుపెడితే అమృతపాణి నిలవలేకపోవడానికి అదే కారణం. కర్పూర చక్కెరకేళి దాన్ని కొంత మెరుగ్గా తట్టుకుంటుంది. గింజే కట్టని పంటలో సంకరంతో కొత్త రకం తీయడం ఎంత కష్టమో ఊహించండి. కొవ్వూరు పరిశోధన స్థానం లాంటి చోట్ల అరటి మీద జరిగే పనికి అందుకే అంత విలువ.

● ఒక్క అతుకుతో రక్త క్యాన్సర్
ఇక మనిషి సంగతి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమును 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. దాన్ని కనిపెట్టిన ఊరి పేరు మీద అది ఫిలడెల్ఫియా క్రోమోజోము అయింది. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దానికి మూలమని 1973లో జానెట్ రౌలీ చూపించారు. ఆ అతుకు దగ్గర పుట్టిన ప్రోటీన్‌ని అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో అమెరికాలో అనుమతి పొందింది. ప్రాణాంతకమైన జబ్బు రోజూ మాత్ర వేసుకుని అదుపులో ఉంచుకునేదిగా మారింది.

● క్రోమోజోము పగిలిపోతే?
కొన్ని క్యాన్సర్లలో ఒక క్రోమోజోము ఒకే విపత్తులో పదుల, వందల ముక్కలై, ఇష్టం వచ్చినట్టు అతుక్కుంటుందని 2011లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. పేరు క్రోమోథ్రిప్సిస్. క్యాన్సర్ మార్పులు ఒక్కొక్కటిగానే పోగవుతాయన్న నమ్మకాన్ని అది కదిలించింది.

● అదే మేలు చేసిన సందర్భం
విమ్ సిండ్రోమ్ అనే రోగనిరోధక లోపంతో పుట్టిన ఒక అమెరికా మహిళకి పెద్దయ్యాక ఆ జబ్బు దానంతటదే పోయింది. ఆమె రక్తాన్ని పుట్టించే మూలకణం ఒకదానిలో 2వ క్రోమోజోము పగిలి, జబ్బు జన్యువు మరో 163 జన్యువులతో సహా ఊడిపోయింది. 2015లో ఈ సంగతి ప్రచురితమైంది.

● గర్భం నిలవకపోతే ఇద్దరికీ పరీక్ష
సుమారు 500 మందిలో ఒకరికి క్రోమోజోము ముక్కలు మారి ఉంటాయి. ఏదీ పోలేదు, ఎక్కువ కాలేదు కాబట్టి వాళ్ళు నిక్షేపంలా ఉంటారు. బిడ్డకి మాత్రం ఒక ముక్క ఎక్కువో తక్కువో వెళ్ళవచ్చు. మళ్ళీ మళ్ళీ గర్భం పోయే దంపతుల్లో నూటికి మూడు నుంచి అయిదు జంటల్లో ఎవరో ఒకరికి ఈ మార్పు ఉంటుంది. అది భర్తకైనా ఉండొచ్చు. అయినా నింద కోడలి మీదే పడుతుంది. ఇది చాలా అన్యాయం.

ఈ మార్పుని పట్టిచ్చే కారియోటైప్ పరీక్షకి కొద్దిగా రక్తం చాలు. కణాలను సుమారు మూడు రోజులు పెంచి, విభజన మధ్యలో ఆపి, రంగు వేసి, చారలను బట్టి క్రోమోజోములను పోల్చి చూస్తారు. మార్పు బయటపడినా ఆశ వదులుకోనక్కరలేదు. ఆరోగ్యమైన బిడ్డల్ని కన్న దంపతులు ఎందరో ఉన్నారు. జన్యు వైద్యుల సలహాకి భార్యాభర్తలు కలిసి వెళ్ళండి. అత్తమామలూ, కోడల్ని తప్పుపట్టే ముందు మీ అబ్బాయినీ పరీక్షకి పంపండి.